కిందికి రాని గంట

హోప్ టౌన్ బోటులో ఇంజను గది నీటి మట్టానికి కింద ఉంటుంది. దానికి కిటికీ లేదు. గవరయ్య ముప్పై నాలుగేళ్లు ఆ గదిలో నిలబడి పోర్ట్ బ్లెయిర్ హార్బరును అటూ ఇటూ దాటాడు. రోజుకు ఎనిమిదిసార్లు దాటినా, దాటుతున్నప్పుడు సముద్రాన్ని చూసింది లేదు.

అతనికి సముద్రం అంటే గంట. పైన సరంగు తీగ లాగితే కింద అతని చెవి పక్కన ఇత్తడి గంట మోగుతుంది. ఒకటి కొడితే ముందుకు. రెండు కొడితే తగ్గించమని. మూడు కొడితే వెనక్కి. నాలుగు కొడితే పని అయింది, ఇంజను కట్టెయ్యమని. కొత్త బోట్లలో ఈ గంటలు లేవు, అన్నీ సరంగు చేతి కిందే ఉంటాయి. ఇది పాత బోటు. దీనికి కళ్లు పైన, చేతులు కింద, మధ్యన ఒక తీగ.

ముందుకు పోతున్న బోటును ఒక్కసారిగా వెనక్కి తిప్పకూడదు. గేరు పళ్లు విరుగుతాయి. మీటను మధ్యకు తెచ్చి, ఒక లెక్క ఆగి, అప్పుడు వెనక్కి వెయ్యాలి. ఆ లెక్క ఎంతో ఎవరూ రాసిపెట్టలేదు. గవరయ్య దాన్ని ఊపిరితో కొలిచేవాడు. ఒక ఊపిరి వదిలేవాడు, మీట లాగేవాడు.

అతని తండ్రి బారువ నుంచి ఓడెక్కి వచ్చి ఈ ఒడ్డున వల వేశాడు. గవరయ్య ఇక్కడే పుట్టాడు. తెలుగు బడిలో అయిదు చదివి, కొన్నాళ్లు తండ్రితో వేటకు వెళ్లి, తర్వాత బోటులో ఇంజనుకు నూనె పోసే పనిలో చేరాడు. పదేళ్లకు డ్రైవరయ్యాడు. ఇంజను నడిపేవాణ్ణి డ్రైవరంటారు. చుక్కాని పట్టేవాడు సరంగు. ఈ బోటు సరంగు కొండబాబు అతనితోపాటే పనిలో చేరినవాడు. ఇద్దరూ ఒకే బోటులో ఒకరికొకరు కనబడకుండా ముసలివాళ్లయ్యారు.

రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉంది. అప్పుడు వచ్చింది ఆ సోమవారం.

పొద్దున్న ఏడుంబావుకు బయల్దేరిన బోటు అవతలి జెట్టీకి చేరుతోంది. రెండు గంటలు పడ్డాయి. గవరయ్య ఇంజను తగ్గించాడు. తర్వాత మూడు పడాలి. మొదటిది మోగింది. దాని తర్వాత ఏమీ లేదు. చీకటి కూడా లేదు. కళ్లు తెరిచేసరికి ఇనుప రేకు చెంపకు వెచ్చగా తగులుతోంది. బోటు జెట్టీ టైర్లను గట్టిగా కొట్టింది. పైన ఎవరిదో అరటిగెల నీళ్లలో పడింది. జనం కేకలు వేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పైనుంచి కొండబాబు గొంతు దిగింది.

"గవరయ్యా! అరే, సో గయా క్యా? మూడు కొట్టాను కదేటి!"

గవరయ్య లేచి మీట పట్టుకుని నిలబడ్డాడు.

"బెల్లు రాలేదు," అన్నాడు.

ఆ మాట అతను అనుకుని అన్నది కాదు. నోటికి ముందు అదే వచ్చింది. కొండబాబు మెట్ల మీదినుంచి కిందికి చూశాడు. తర్వాత తన కుడిచేతిని చూసుకున్నాడు. పైకి వెళ్లిపోయాడు.

గంట తీగను చూసుకునే పని ఉమేష్‌ది. నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, ఏటేటా కాగితం కొత్తగా రాయించుకుంటే తప్ప పని నిలవనివాడు. ఆ మధ్యాహ్నమే తీగంతా విప్పి చూశాడు.

"భయ్యా, తీగ బాగానే ఉంది. కప్పీలు బాగానే ఉన్నాయి. ఆదివారమే గ్రీజు పెట్టాను. ఫిర్ భీ కొత్తది ఏసేసాను," అన్నాడు.

"మంచిది," అన్నాడు గవరయ్య.

బుధవారం ఆఫీసు నుంచి ఉమేష్‌కు కాగితం వచ్చింది. గంట ఎందుకు పని చెయ్యలేదో వచ్చే శనివారం కాక ఆ పై శనివారంలోగా రాసి ఇవ్వాలని.

గవరయ్య సెలవు పెట్టాడు. గ్యాసు అని రాశాడు. మళ్లీ ఆ మీట పట్టుకునే ధైర్యం అతనికి లేదు. పడిపోయానని చెప్పే ధైర్యమూ లేదు. చెబితే ఎనిమిది నెలలు కాదు, ఎనిమిది నిమిషాలు కూడా అతన్ని ఆ గదిలో ఉంచరు.

భార్య యర్రమ్మ వేరే సంగతి గమనించింది. జెట్టీ నుంచి ఇంటికి గట్టెక్కుతూ అతను రెండుచోట్ల ఆగుతున్నాడు. కూతురు శ్రావణికి ఫోను చేసింది. హార్బరు అవతల హాడోలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే క్వార్టర్లో ఉంటున్న శ్రావణి మర్నాడే వచ్చి తండ్రిని దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నాడి చూసింది. గుండె పట్టీ, అదే ఈసీజీ, తీసింది. హిందీలో మెల్లగా చెప్పింది. శ్రావణి తల్లికి తెలుగు చేసి చెప్పింది.

"గుండెలో బ్లాక్ ఉందంటమ్మా. పెద్దాసుపత్రికి ఎల్లమంటున్నారు. దేర్ చెయ్యొద్దంట."

బ్లాక్ అన్న మాట ఆ ఒడ్డున అందరికీ తెలుసు. పక్కింటి నూకన్నకు రెండేళ్ల కిందట బ్లాక్ వచ్చింది. రక్తం వెళ్లే గొట్టం కొవ్వుతో మూసుకుపోతే చెన్నైలో తెరిపించుకుని వచ్చాడు. అప్పటినుంచి ఊళ్లో ఎవరి గుండెకు ఏమైనా అతనే ముందు వైద్యుడు. అతను ఆ సాయంత్రమే వచ్చి కూర్చున్నాడు.

"నూనె బంద్. కొబ్బరి బంద్. సుబే సుబే కొండెక్కు. ఓ వారం చేసి అప్పుడెల్లు. సగం అదే కరిగిపోద్ది."

"కొండా? ఈయన గట్టే ఎక్కలేకపోతన్నాడు," అంది యర్రమ్మ.

"అందుకే ఎక్కమంటన్నాను."

యర్రమ్మ నూనె డబ్బా తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచింది. చేప వేపుడు పోయింది. ఉప్పునీళ్లలో ఉడికిన చేప వచ్చింది.

"ఇదేటి?" అన్నాడు గవరయ్య.

"నీ మందు. ఇన్నేళ్లు వేపుళ్లు తిని తిని గుండెకాయ మూసేసుకున్నావు."

"తిన్నది నేనయితే ఏపిందెవరు?"

"అడిగిందెవరు?"

గవరయ్య ఆ చేప తిన్నాడు. పొద్దున్నే కొండ రోడ్డు ఎక్కాడు. మూడో రోజు మలుపు దగ్గర రాయి మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అలా వారం గడిచింది. శ్రావణి ఫోనులో కేకలు వేశాక, గురువారం ముగ్గురూ బోటెక్కి పెద్దాసుపత్రికి వెళ్లారు.

అక్కడ గుండె పట్టీ తీసేవాడు కన్నారావు. భీమిలి నుంచి వచ్చి పదేళ్లయిన మనిషి. తెలుగు వినబడగానే మొహం విప్పారింది.

"వారం నుంచి సుక్క నూనె ఎయ్యలేదు బాబూ," అంది యర్రమ్మ, మార్కులు వేయించుకునేదానిలా.

"ఎందుకు పిన్నీ?"

"బ్లాక్ కదా."

కన్నారావు పట్టీ చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"పిన్నీ, ఇది నూనెకు పోయేది కాదు. గొట్టం మూసుకుంటే అదో బ్లాక్. ఇది కరెంటు బ్లాక్. బాబాయ్‌కి ఈ రాత్రి వేపుడు పెట్టండి, పాపం."

గవరయ్య మొదటిసారి అతని వైపు సరిగ్గా చూశాడు.

"కరెంటేటి?"

కన్నారావు కాగితాన్ని బల్లమీద పరిచాడు. గులాబీ గళ్ల మీద నల్లని గీత నడుస్తోంది.

"ఈ చిన్న గుట్ట సూడండి. అంటే గుండె పైగదులు కదిలాయి. దానెనక నిటారుగా లేచింది, అది కింది గదులు. చిన్నది, పెద్దది. చిన్నది, పెద్దది. ఇక్కడ చిన్నది ఉంది. పెద్దది ఏది?"

గవరయ్య వేలు పెట్టి వెతికాడు. చిన్న గుట్ట తర్వాత గీత తిన్నగా పోయింది.

"లేదు."

"లేదు. గుండెకు పైన కుడిపక్క గింజంత చోటు ఉంటాది. కరెంటు అక్కడ పుడతాది. ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతటదే. పైగదుల్లో పాకి, మధ్యన ఒకచోట ఆగుతాది. ఎక్కువ కాదు, కాస్త. పైగదుల్లో రక్తం కిందికి దిగాల కదా. అప్పుడు తీగల్లాంటివి కుడికొకటి, ఎడమకొకటి, కింది గదులకు పట్టుకెళ్తాయి."

"మధ్యలో ఆగుతాదా?"

"ఆగాల. ఆగకపోతే పైవీ కిందివీ ఒక్కసారే మూసుకుంటాయి. పని జరగదు."

"న్యూట్రల్," అన్నాడు గవరయ్య.

"ఏటి?"

"ఏమీ లేదు. చెప్పు."

"మీకు ఆ మధ్యలో తెగిపోతంది. అప్పుడప్పుడు."

గవరయ్య కాగితం మీద చిన్న గుట్టలను లెక్కపెట్టాడు. సమానంగా ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

"పైనోడు కొడతన్నాడు. కిందికి రావట్లేదు," అన్నాడు.

"అంతే బాబాయ్. నేను డాక్టర్లకు కూడా ఇంత బాగా చెప్పలేను."

"వినబడకపోతే కిందోడు ఏటి చేస్తాడు?"

"ఊరుకోడు. తనకు తోచినట్టు మెల్లగా నడుపుతాడు. నిమిషానికి ముప్పై, ముప్పై అయిదు. కాకపోతే ఆడికి తోచడానికి ఒక్కోసారి టైము పడతాది. ఆ టైములో మనిషి పడిపోతాడు." కన్నారావు తలెత్తాడు. "మీరెప్పుడైనా పడ్డారా?"

యర్రమ్మ భర్త వైపు తిరిగింది. శ్రావణి కూడా.

"లేదు," అన్నాడు గవరయ్య.

పడ్డానని చెప్పి ఉంటే ఆ రోజే పడక ఇచ్చేవారు. లేదన్నాడు కాబట్టి డాక్టరు ఒక రోజు మిషను పెట్టమన్నాడు. ఛాతీకి అయిదు బిళ్లలు అంటించి, వాటి తీగలను సబ్బుపెట్టెంత డబ్బాకు కలిపి, మెడలో వేశారు. కన్నారావు ఒక కాగితం ఇచ్చాడు. ఏ టైముకు ఏం చేశాడో, ఒంట్లో ఎలా ఉందో దాని మీద రాయాలి.

"నాకు ఇంగ్లీషు రాదు. హిందీ మాట్లాడతాను గానీ రాయలేను."

"తెలుగులో రాయండి. ఇక్కడ తెలుగు చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో. కానీ బాబాయ్, ఉన్నది ఉన్నట్టు రాయాల. ఈ డబ్బా ఎలాగూ ఉన్నదే రాస్తాది. రెండూ కలవకపోతే మాకు తికమక."

ఇంటికి వచ్చి గవరయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. రాయడం మానేసి నలభై ఏళ్లు దాటింది. అక్షరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

12.40. గట్టు ఎక్కాను. కళ్లు చీకట్లు వచ్చాయి. నిలబడ్డాను.

1.30. అన్నం. వేపుడు పెట్టింది.

2.10. పడుకున్నాను. నిద్ర రాలేదు.

మూడింటికి అరుగు మీద కూర్చుంటే కింద జెట్టీకి బోటు వస్తున్న చప్పుడు వినబడింది. గంట అంత దూరం వినబడదు. ఇంజను గొంతు మారడాన్ని బట్టి ఏ గంట పడిందో అతనికి తెలుస్తుంది. రెండు. తర్వాత మూడు. అతని స్థానంలో వేసిన చక్రి అనే డ్రైవరు మధ్యలో ఆగలేదు. గేరు గర్రుమంది. గవరయ్య పళ్లు బిగించాడు. ఆ సంగతి కూడా కాగితం మీద రాశాడు.

అయిదింటికి ఉమేష్ గట్టెక్కి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితం.

"తబియత్ ఎలా ఉంది భయ్యా? ఇదేటి, మెడలో ట్రాన్సిస్టరు కట్టుకున్నారు?"

"గుండె పాట పాడతంది. కూర్చో."

ఉమేష్ కూర్చోలేదు. కాగితం విప్పాడు.

"ఎల్లుండే శనివారం. నేను రాసింది ఒకసారి వినండి. తీగ మంచిదే అని రాద్దామనుకున్నాను. అలా రాస్తే మీరు అబద్ధం చెప్పినట్టు అయిపోద్ది. పెద్దోరు, రిటైరయ్యే ముందు ఎందుకు. అందుకని 'తీగకు లోపల తుప్పు పట్టి ఉండవచ్చు, నేను గమనించలేదు, మాఫీ చెయ్యగలరు' అని రాశాను. చల్తా హై కదా?"

గవరయ్య తన కాగితాన్ని తొడ కిందికి జరిపాడు.

"ఆఫీసోళ్లు నీ పని కాగితం మళ్లీ రాయకపోతే?"

"రాస్తారులే భయ్యా. రాయకపోతే ఏటి చేస్తాం. వేట ఉంది కదా."

అతను దిగి వెళ్లాడు. దిగుతూ జెట్టీ వరకూ ఏదో హిందీ పాట ఈల వేశాడు. గవరయ్య వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. లోపలికి వచ్చి కాగితం చివర ఖాళీ ఉన్నచోట కొంచెం రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున్న శ్రావణి మొదటి బోటుకే వచ్చింది. తిరుగు బోటులో తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు.

"కాగితం అంతా నింపారా నాన్నా? ఇవ్వండి, ఒకసారి చూస్తాను."

శ్రావణి తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవడం మాత్రం ఒత్తులు కూడబలుక్కుంటూనే. పైకి చదివితే తప్ప అర్థం కాదు. ఇంజను చప్పుడులో గొంతు పెంచి ఒక్కో వరుస చదివింది. వేపుడు దగ్గర నవ్వింది. చక్రి గేరు దగ్గర ఇదెందుకు రాశారని అడిగింది. చివరికి వచ్చింది.

"పో...యిన... వారం... సో...మ...వారం. ఏడు ఇర...వై అయి...దు." వేలు జరిపింది. "బె...ల్లు... వ...చ్చిం...ది. నే...ను... ప...డి... పో...యా...ను." ఆగింది. "ఇది మిషను పెట్టక ముందు కదా? ఈ టైము ఇందులో ఉండదు."

అంత నెమ్మదిగా, అక్షరం అక్షరంగా, మరొకరి నోట ఆ మాట విన్నాక దాన్ని ఇక మడిచి జేబులో పెట్టుకోలేడు.

శ్రావణికి అర్థమయింది. కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"నిన్న పడలేదన్నారు నాన్నా."

"అన్నాను."

బోటు జెట్టీకి తగిలింది. నాలుగు గంటలు పడ్డాయి కాబోలు, ఇంజను ఆగింది. జనం దిగిపోయారు. గవరయ్య పై గదికి మెట్లెక్కాడు. ఏడు మెట్లు. మూడేసి మెట్లకు ఒకసారి ఆగాడు. కొండబాబు చుక్కాని దగ్గర టీ తాగుతున్నాడు. ఉమేష్ తాడు చుడుతున్నాడు.

"అరే, నువ్వు పైకెందుకొచ్చావు? కబురు చేస్తే నేనే రానా?" అన్నాడు కొండబాబు.

"బెల్లు వచ్చింది," అన్నాడు గవరయ్య.

కొండబాబు గ్లాసు కింద పెట్టాడు.

"ఆ సోమవారం. బెల్లు వచ్చింది. మొదటిది విన్నాను. తర్వాత పడిపోయాను. తీగ మంచిదే. ఉమేష్ తప్పు లేదు. నాదే."

ఉమేష్ తాడు వదిలేశాడు. కింద నీళ్లు టైర్లను తడుతున్నాయి.

"నేను లాగాను కదా?" అన్నాడు కొండబాబు చివరికి.

"లాగావు."

"మూడుసార్లు?"

"మూడుసార్లే అయ్యుంటాది. నువ్వెప్పుడు తప్పావు?"

"నువ్వు రాలేదన్నావు. ముప్పై ఏళ్లలో నువ్వొక మాట అన్నాక నేను కాదనుకోలేదు. అందుకని నా చేతిమీదే నాకు అనుమానమొచ్చింది. లాగానా, లాగాననుకున్నానా అని. ఈ పది రోజులూ మూడు కొట్టాల్సినచోట ఆరు కొడతన్నాను. చక్రి తిడతన్నాడు." కొండబాబు కుడిచేతిని తొడ మీద తుడుచుకున్నాడు. "సాలే, ఎంత పని చేశావురా."

గవరయ్య తల వంచుకున్నాడు. తిట్టు అతనికి హాయిగానే ఉంది.

"ఆఫీసుకు నేను రాసిస్తాను. ఉమేష్, నీ కాగితం చింపెయ్," అన్నాడు.

"చింపనులెండి భయ్యా, వెనకాల ఖాళీగా ఉంది. అక్కడే రాయండి. కాగితం దండగ ఎందుకు," అన్నాడు ఉమేష్.

గవరయ్య చుక్కాని పక్క బల్ల మీద ఆ కాగితం వెనకవైపు నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టాడు. శ్రావణి దానికి హిందీ చేసి కింద రాసింది.

ఆసుపత్రిలో పడిపోయిన సంగతి చెప్పగానే పడక ఇచ్చారు. కన్నారావు డబ్బాలోని లెక్కను మిషను మీద చూసి సాయంత్రం వచ్చాడు.

"బాబాయ్, పన్నెండూ నలభైకి కిందోడికి నాలుగు సెకన్లు తోచలేదు. మీరు రాసిన టైమే. ఇదిగో, ఈ పొద్దున్న ఎనిమిదింటికి ఏటయింది? పైది పరిగెత్తేసింది. ఇంత జోరు ఇంకెక్కడా లేదు. కాగితంలో ఏమీ రాయలేదు."

"ఒకరితో మాట చెప్పాను."

"పెద్ద మాటే అయ్యుంటాది."

ఓడలో మూడు రోజులు ప్రయాణం వద్దన్నారు. గవరయ్య జీవితంలో మొదటిసారి విమానమెక్కాడు. చెన్నైలో ఎడమ భుజం కింద చర్మం లోపల చిన్న పెట్టె పెట్టి, దాని తీగలను గుండెలోకి దించారు. పైన పుట్టే పిలుపును అది వింటుంది. పిలుపు కిందికి దిగితే ఊరుకుంటుంది. దిగకపోతే కాస్త ఆగి, తనే కొడుతుంది. ఆ కాస్త ఎంత అని గవరయ్య అడిగాడు. సెకనులో అయిదో వంతు లోపే అన్నారు.

తిరిగి వచ్చాక ఇంజను గది దొరకలేదు. మిగిలిన ఆరు నెలలకు జెట్టీ మీద టికెట్ల కిటికీలో కూర్చోబెట్టారు. ఉమేష్ పని కాగితం ఆ ఏడూ మళ్లీ రాశారు.

మొదటి రోజు డ్యూటీకి గవరయ్య బోటులో పై బల్ల మీద కూర్చుని వెళ్లాడు. ఎండ నీళ్ల మీద పరుచుకుని ఉంది. హాడో వైపు ఒక ఓడ లంగరు వేసి ఉంది. ఇదంతా ఎప్పుడూ ఇక్కడే ఉందన్నమాట అనుకున్నాడు. ఉమేష్ తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"భయ్యా, మీ తీగ మార్చడానికి చెన్నై దాకా ఎందుకు? నాకు చెబితే గ్రీజు పెట్టి ఇచ్చేవాణ్ణి కదా."

"నీకు సంజాయిషీ రాయడం సరదా అయిపోయింది."

జెట్టీ దగ్గరపడింది. గవరయ్య మాట ఆపి చెవి పెట్టాడు. రెండు పడ్డాయి. ఇంజను తగ్గింది. తర్వాత మూడు. ఆరు కాదు, మూడే. కింద చక్రి మీటను మధ్యకు తెచ్చాడు. గవరయ్య తెలియకుండానే ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి అయ్యేదాకా కింద ఏ చప్పుడూ లేదు. అప్పుడు గేరు మెత్తగా పడింది. బోటు వెనక్కి గుంజుకుని, టైర్లను తాకీ తాకకుండా ఆగింది.

"ఆగుతున్నాడే," అన్నాడు గవరయ్య.

"సరంగు చెప్పాడు. గేరు గురించి మీరు రాసింది శ్రావణి దీదీ ఆయనకు చదివి చెప్పిందంట."

ఉమేష్ తాడు విసిరాడు. గవరయ్య టికెట్ల కిటికీ తాళంచెవి జేబులోంచి తీసి, లేచాడు.